మిస్ యూఫీ హాజరు

మా రిజిస్ట్రీకి వచ్చేవాళ్ళలో సగం మంది ఏడుస్తూ వస్తారు. మిగతా సగం, ఆ ఏడ్చేవాళ్ళకు ఏం దక్కిందో చూసిపోదామని వస్తారు. సీనియర్ లీగల్ ఆఫీసర్ కుర్చీలో కూర్చుని ఇన్నేళ్ళుగా ఈ రెండు రకాలనూ చూసి చూసి నాకు కాస్త నోటి దురుసు అబ్బింది. కాదనను. పోయినవాళ్ళు రాసిన వీలునామా అసలైనదేనా, సాక్షులు సరిగ్గా ఉన్నారా, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని చూసి, అన్నీ సవ్యంగా ఉంటే ప్రొబేట్, అంటే ఆ వీలునామా చెల్లుతుందన్న ఉత్తర్వు, మంజూరు చెయ్యడం నా పని. దాని మీద నా ముద్ర పడేదాకా, పోయినవాళ్ళ ఇంటికి హక్కుదారు ఎవరూ లేనట్టే.

మా ఆఫీసు టొబేగో దీవిలో, రేవుకు పైన కొండవాలులో ఉన్న ఒక పాత చెక్క మేడ. కింద భూముల శాఖ, పైన మేము. వానాకాలం వచ్చిందంటే గోడలకు చెమటలు పడతాయి. కిటికీ తెరిస్తే చేపల మార్కెట్ వాసన, మూస్తే ఫైళ్ళ బూజు వాసన. ఏది నయమో ఎవరూ తేల్చుకోలేక ఓరగా వేసి ఉంచుతాం.

ఆ అక్టోబరు రోజున తుఫాను మాకు దక్షిణంగా దాటిపోతోందని పొద్దున్నే రేడియో చెప్పింది. దాటిపోయే తుఫాను కూడా దారిలో ఓ దెబ్బ కొట్టే పోతుంది కాబట్టి గుమాస్తాలందరినీ భోజనాల వేళకే ఇళ్ళకు పంపేశాను. మా బంట్రోతు ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయని కబురొచ్చింది. నేను మాత్రం కదల్లేదు. ఆ మధ్యాహ్నం అయోనీ ట్రిమ్ వ్యవహారం విచారణకు ఉంది. అప్పటికే అది రెండుసార్లు వాయిదా పడింది, ప్రతిసారీ అవతలివాడు రాకుండా గడువు కావాలని ఉత్తరం పంపడం వల్లే. ఈసారి నావల్ల ఆగిందన్న మాట పడదల్చుకోలేదు.

అయోనీ ఇరవై ఏళ్ళకు పైగా ఆట్లీ వాళ్ళ కొండమీది ఇంట్లో పనిచేసింది. వంట, బట్టలు, తోట అన్నీ ఆవిడే. చివరి రోజుల్లో మంచాన పడ్డ యజమానురాలిని ఎత్తి దించడం కూడా ఆవిడే. ఊళ్ళో ఆవిణ్ణి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. "మిస్ యూఫీ మనిషి" అనేవాళ్ళు, మిస్ యూఫీ గొడుగు అన్నట్టే.

మిస్ యూఫీ అంటే యూఫీమియా ఆట్లీ. కోకో తోటల కాలంనాటి సంపద ఎప్పుడో కరిగిపోయినా, ఆ బిగువు మాత్రం కరగని మనిషి. అయోనీకి వచ్చిన ఒక మంచి సంబంధాన్ని చెడగొట్టింది. అయోనీ తల్లి పోతే, నా కాళ్ళు ఎవరు పడతారని శవజాగరణకు కూడా పంపలేదు. అయోనీ వెళ్ళిపోతానన్నప్పుడల్లా ఒకటే మాట అనేది. ఇల్లు నీకే రాశాను, నేను పోయేదాకా ఉండు. నిజంగానే రాసింది. తను ఎప్పటికీ పోనన్న నమ్మకంతోనే రాసి ఉంటుందని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆగస్టులో పోయింది. వీలునామాలో నేను వంక పెట్టగలిగింది ఏమీ లేదు, నాకు వంకలు పెట్టడం బాగా వచ్చినా సరే. కానీ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు ఆల్‌స్టన్ ఆట్లీ దిగి, రాసేనాటికి మా అత్తకు మతి లేదని అభ్యంతరం పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. ఇంటికి తాళం వేసి అయోనీని గేటు బయట నిలబెట్టాడు. అప్పటినుంచి ఆవిడ చర్చి వెనక గదిలో, ఒక సంచీతో రోజులు వెళ్ళదీస్తోంది. అభ్యంతరం పెట్టినవాడు నా ముందుకు వచ్చి ప్రమాణం చేసి చెప్పుకోవాలి. గుమ్మంలో మూడుసార్లు పిలిపిస్తాం. గడువులు అయిపోయాయి, ఈసారీ రాకపోతే అభ్యంతరం కొట్టేస్తాం, ఇల్లు అయోనీది అవుతుంది. అంతే సంగతి. అంత తేలిక సంగతి.

బంట్రోతు లేడు కాబట్టి పక్కనున్న ట్రాఫిక్ కోర్టు నుంచి కానిస్టేబుల్ డెనూన్‌ను అడిగి తెచ్చుకున్నాను. డెనూన్ రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు, తలుపంత మనిషి. ఎంత పెద్ద లారీ డ్రైవరునైనా కాలరు పట్టుకుని దింపుతాడు గానీ, దెయ్యాల మాటెత్తితే మాత్రం భయంతో కుర్చీ పక్కవాళ్ళ దగ్గరికి లాక్కుంటాడు. వచ్చీ రాగానే, ఆల్‌స్టన్ ఆట్లీ పొద్దున చేపల మార్కెట్ దగ్గర బీరు తాగుతూ కనిపించాడని చెప్పాడు. అంటే ఊళ్ళోనే ఉన్నాడు. రాడు. వచ్చి బైబిల్ మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పే ధైర్యం అతనికి లేదు.

మధ్యాహ్నం భోజనం అరక్కముందే ఆకాశం మూతబడింది. రేకుల మీద వాన మొదలై, అరిస్తే గానీ ఒకరి మాట ఒకరికి వినపడనంత అయింది. కరెంటు పోయింది. డెనూన్ కిరోసిన్ లాంతరు వెలిగించి నా బల్ల మీద పెట్టాడు. ఆ వెలుగు బల్ల అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అవతల బెంచీ మీద అయోనీ, ఒళ్ళో సంచీ పెట్టుకుని, చర్చికి వేసుకునే టోపీతో కూర్చుని ఉంది. వెనక బీరువాల వరసలు ఉన్నాయో లేవో కూడా తెలియడం లేదు.

అవతలి పక్షాన్ని పిలవమన్నాను. డెనూన్ ఫైలు అందుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాడు. చీకట్లో పేరు పెట్టి పిలవకూడదు మేడం, ఎవరు పలుకుతారో చెప్పలేం, అన్నాడు. మా దీవిలో ఇది మామూలు మాటే. మా అమ్మమ్మ కూడా చీకటిపడ్డాక మొదటి పిలుపుకు పలికేది కాదు. నేను మాత్రం, ట్రాఫిక్ కోర్టులో పలికేవాళ్ళకంటే చెడ్డవాళ్ళెవరూ ఇక్కడికి రారులెండి, కానివ్వండి అన్నాను. అయోనీ కూడా నవ్వింది.

డెనూన్ లాంతరు వెలుగు వైపు ఫైలు తిప్పి అట్ట మీది పేరు చూసుకున్నాడు. ట్రాఫిక్ కోర్టులో అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఎవరి పేరుంటే వాళ్ళనే పిలవాలి. మా దగ్గర అలా కాదు. మా ఫైళ్ళ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది పోయినవాళ్ళ పేరు. గొడవపడే బతికినవాళ్ళంతా లోపలి పేజీల్లో ఉంటారు. ఈ సంగతి మా బంట్రోతుకు తెలుసు. డెనూన్‌కు తెలియదు.

"యూఫీమియా ఆట్లీ."

రాసుకుంటున్నదాన్ని తలెత్తాను. ఆ గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి.

"యూఫీమియా ఆట్లీ."

ఆపమని చెయ్యి ఎత్తాను. అతని వీపు నావైపు ఉంది.

"యూఫీమియా ఆట్లీ, హాజరు కావాలి."

వాన ఆగిపోయింది.

తగ్గడం కాదు... ఆగడం. రేకుల మీద ఒక్క చుక్క లేదు. చూరు నుంచి కారే చప్పుడు కూడా లేదు. లాంతరు ఒత్తి కాలుతున్న చిన్న సవ్వడి నాకు వినిపించింది. డెనూన్ వెనక్కి తిరిగి, ఏం చేశాను మేడం అన్నట్టు చూశాడు. మీరు పిలిచింది చచ్చిపోయినావిడను అని చెప్పబోయాను. అప్పుడే కింద, మెట్ల మొదట్లో, ఏదో కదిలింది.

ఒక అడుగు. తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ ఒక అడుగు.

భూముల శాఖలో ఎవరో ఉండిపోయారనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. అడుగు... ఈడ్పు. అడుగు... ఈడ్పు. మెట్టు మెట్టుకూ ఊపిరి తీసుకోవడానికి ఆగాలి కదా ముసలివాళ్ళు. ఆ ఆగడం లేదు.

"ఎడమ కాలు" అంది అయోనీ, గుసగుసగా. "రోజూ పట్టేదాన్ని మేడం. ఆ ఈడ్పు నాకు తెలుసు."

మనిషి కంటే ముందు వాసన వచ్చింది. కలరా ఉండలు, ఒంటికి రాసే బే రమ్, వాటి కింద తడిమట్టి. ఆ తర్వాత చలి వచ్చింది. మా దీవిలో ఎవరూ ఎరగని చలి. డెనూన్ గుమ్మంలోంచి గోడవైపు జరిగాడు. ఇంకా జరిగాడు. ఇక జరగడానికి చోటు లేక గోడకు అంటుకుపోయాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడింది.

లేసు పెట్టిన తెల్ల గౌను, శవపెట్టెలో పెట్టేటప్పుడు అయోనీ ఇస్త్రీ చేసి తొడిగినదే. మోకాళ్ళ దాకా మట్టి. ముక్కుల్లో దూది. గడ్డం కిందనుంచి నడినెత్తికి బిగించి ముడివేసిన తెల్లగుడ్డ, నోరు తెరుచుకోకుండా శవాలకు కడతామే, ఆ కట్టు. ఒక కన్ను మూసి ఉంది. రెండోది మాత్రం తెరిచి ఉంది.

"పిలిచారు" అంది. పెదవులు కదల్లేదు. మాట పళ్ళ సందుల్లోంచి వచ్చింది. "మూడుసార్లు. వచ్చాను. వచ్చినట్టు రాయి."

నాకు భయం వేసింది. వెయ్యలేదని చెప్పుకుంటే అది అబద్ధం. కానీ ఆ భయం వెనకే కోపం కూడా వచ్చింది. నా గదిలో ఏం రాయాలో నాకింతవరకు మంత్రులు కూడా చెప్పలేదు.

ఆవిడ అడిగింది చిన్న సంగతి కాదు. ఆవిడ తండ్రి ఒకప్పుడు మేజిస్ట్రేటు, ఆ ఇంట్లో చట్టం అన్నంతో పాటు తిన్నారు. మనిషి పోతేనే వీలునామాకు ప్రాణం వస్తుంది. బతికున్నవాళ్ళ వీలునామా ఉత్త కాగితం. యూఫీమియా ఆట్లీ హాజరైందని నేను నా చేత్తో రాస్తే, నా లెక్కలో ఆవిడ చచ్చిపోలేదు. అప్పుడు ఇల్లు ఆవిడదే. అయోనీ సంచీ తీసుకుని చర్చి వెనక గదికి పోవాల్సిందే. అక్కడికీ పోనివ్వదేమో.

"ఇక్కడ చచ్చిపోయినవాళ్ళకు వాదించే హక్కు లేదు" అన్నాను. "మిమ్మల్ని పిలవడం పొరపాటు. వెళ్ళండి."

ఆ ఒంటి కన్ను నన్ను కిందినుంచి పైకి చూసింది.

"నువ్వు ఆగ్నెస్ మనవరాలివి కదూ. మీ అమ్మమ్మ మా బట్టలు ఉతికేది. వెనక గుమ్మంలోంచి వచ్చేది."

"ఉతికింది" అన్నాను. "ఆ ఉతుకుడుతోనే నేను చదువుకుని ఈ కుర్చీలో కూర్చున్నాను. మీరొచ్చి నా ముందు నిలబడ్డారు."

ఆవిడ చెయ్యి పైకి లేచింది. మెల్లగా... నెత్తిమీద ముడి దగ్గరికి. ఆ వేళ్ళు ముడి విప్పడం చూస్తూ కూర్చున్నాను. కళ్ళు తిప్పుకోలేకపోయాను. గుడ్డ జారింది. దవడ ఒక్కసారిగా కిందికి పడింది... ఛాతీ దాకా. అంత దూరం పడకూడదు. ఆ నోట్లోంచి వచ్చిన గొంతు ఇప్పుడు పళ్ళ సందుల గొంతు కాదు. ఆ కొండ మొత్తం ఎరిగిన పాత గొంతు, ఇంటి ముందు వరండా గాలరీలో కూర్చుంటే వంటింటిదాకా వినిపించే గొంతు.

"అయోనీ. కాళ్ళు చల్లబడ్డాయి. రా."

అయోనీ లేచింది.

ఆలోచించి లేవలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు ఆవిణ్ణి లేపింది. సంచీ ఒళ్ళోంచి జారిపడినా చూసుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు, నోరు వద్దు వద్దు అంటోంది, కాళ్ళు మాత్రం ముందుకు పడుతున్నాయి. గుమ్మంలో ఆ చెయ్యి చాపుకుని ఉంది. గోళ్ళకింద మట్టి. ఆ చెయ్యి అందుకున్నాక అయోనీ ఎక్కడికి పోతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అరచేత్తో బల్లమీద గట్టిగా కొట్టాను. లాంతరు ఎగిరిపడింది.

"అయోనీ ట్రిమ్, కూర్చో. ఇది నా గది. ఇక్కడ నా అనుమతి లేకుండా ఎవరూ లేవరు."

ఆవిడ ఆగింది. ఒక కాలు ఎత్తి అలాగే ఆగింది. ఇంతకాలం ఒక్క గొంతుకే లొంగిన మనిషికి, ఇంకో గొంతు కూడా ఆజ్ఞ ఇవ్వగలదని అప్పుడే తెలిసినట్టుంది. వెనక్కి అడుగేసింది. బెంచీ తడుముకుని కూర్చుంది. కూర్చుని బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుంది.

ఇక నేను చెయ్యాల్సింది ఒకటే. పిలవాల్సిన పేరు ఇంకా పిలవలేదు. ఆల్‌స్టన్ ఆట్లీని పిలవకుండా అతను రాలేదని రాస్తే, రేపు పెద్ద కోర్టులో నా ఉత్తర్వు నిలవదు. అయోనీ మళ్ళీ గేటు బయటే. డెనూన్‌ను పిలవమన్నాను. పాపం ప్రయత్నించాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు.

సరే అని నేనే లేచాను.

బల్లకూ గుమ్మానికీ మధ్య దూరం ఎంతని, రోజూ నడిచేదే. ఆ రోజు అది తరగలేదు. ఆవిడ పక్కకు జరగలేదు. పక్కనుంచే దూరి పోవాల్సి వచ్చింది. ఊపిరి బిగబట్టాను. భుజానికి భుజం తగిలేంత దగ్గర... ఆ లేసు నా చేతికి రాసుకుంది. తడిగా ఉంది. ముఖం చూడలేదు. చూడనని మొండికేశాను. దాటబోతుండగా, మెడ వెనక నా కాలరును ఎవరో మెల్లగా సర్దారు. పనిమనిషి నలుగురిలోకి వెళ్ళేముందు యజమానురాలు సర్దినట్టు.

గుమ్మం అవతల మెట్లు ఒక్కొక్కటే చీకట్లోకి దిగిపోయాయి. అటు తిరిగి పిలిచాను.

"ఆల్‌స్టన్ ఆట్లీ."

కింద చీకటి కదల్లేదు.

"ఆల్‌స్టన్ ఆట్లీ."

నా వీపు మీద ఆ చలి పాకుతోంది. నెమ్మదిగా... వెన్నుపూస ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు.

"ఆల్‌స్టన్ ఆట్లీ, హాజరు కావాలి."

ఎవరూ పలకలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ ఆ సందులోంచే దూరి, కుర్చీలో కూర్చుని కలం తీశాను. రాసేది పైకి చదువుతూ రాశాను. ఆవిడ వినాలనే చదివాను.

"గదిలో ఉన్నవాళ్ళు ముగ్గురు. నేను, కానిస్టేబుల్ డెనూన్, అయోనీ ట్రిమ్. అభ్యంతరం పెట్టిన మనిషిని మూడుసార్లు పిలిచాం, రాలేదు. అభ్యంతరం కొట్టేశాను. స్వర్గీయ యూఫీమియా ఆట్లీ ఇల్లు అయోనీ ట్రిమ్‌కు చెందుతుంది."

'స్వర్గీయ' అన్న మాట దగ్గర ఆగి, తలెత్తి, ఆ కన్నులోకి చూసి మరీ పలికాను. స్వర్గానికి పోయిందన్న నమ్మకం నాకేమీ లేదు, అది వేరే సంగతి. సంతకం చేసి ముద్ర గుద్దాను.

లాంతరు ఆరిపోయింది. చీకట్లో ఆ వాసన బల్ల మీదికి వంగింది. చెవి పక్కనే, చాలా నిదానంగా మాట వచ్చింది.

"కాగితం నీ దగ్గరుంది పిల్లా. ఇల్లు నా దగ్గరుంది."

ఆ వెంటనే వాన ఒక్కపెట్టున రేకుల మీద పడింది. డెనూన్ అగ్గిపుల్ల గీసేసరికి గుమ్మం ఖాళీ. నేలమీద తడి మాత్రం ఉంది. ఒక పాదం, ఒక ఈడ్పు, మెట్ల వైపు.

డెనూన్ ముందు ప్రార్థన చేసుకున్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ పేరు పొరపాటున పిలిచినట్టు రాస్తారా అని అడిగాడు. గదిలో ముగ్గురే ఉన్నారని రాశాక ఇంకేం రాస్తానయ్యా, కూర్చో అన్నాను. అయోనీ మాత్రం ఆ ఉత్తర్వును రెండు చేతులా పట్టుకుని, తడి తగలకుండా ఛాతీకి ఆనించుకుంది.

ఇవాళ్టికి చర్చిలోనే ఉండి, రేపు పాస్టరుగారితో కలిసి ఇంటికి వెళ్ళమన్నాను. దాంట్లో పిరికితనం ఏమీ లేదని కూడా చెప్పాను. ఆవిడ వినలేదు.

"ఇరవై ఏళ్ళు ఆవిడ చెప్పినప్పుడే లేచాను, ఆవిడ చెప్పినప్పుడే పడుకున్నాను మేడం" అంది. "ఇవాళ నేను చెప్పినప్పుడు వెళ్తాను. ఇప్పుడే."

నాకు ఆ మాట నచ్చింది. కాగితం చేతిలో పెట్టి చేతులు దులుపుకునే మనిషిని నేనూ కాను. డెనూన్ జీపు తీశాడు, దారిపొడుగునా సణుగుతూనే. విరిగిపడ్డ కొబ్బరి మట్టలు తప్పించుకుంటూ కొండెక్కేసరికి వాన తెరిపిచ్చింది. మబ్బుల కింద ఇంకా కాస్త వెలుతురు మిగిలే ఉంది.

ఆట్లీ వాళ్ళ ఇల్లు సిమెంటు స్తంభాల మీద ఉన్న పాత చెక్క ఇల్లు. చుట్టూ గాలరీ, ముందు వెడల్పు మెట్లు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆల్‌స్టన్ వేసిన తాళం తలుపుకు అలాగే వేలాడుతోంది. డెనూన్ జీపులోంచి పెద్ద కట్టర్ తెచ్చి, ఒక్క నొక్కుతో దాన్ని తుంచేసి, పోలీసు గౌరవం ఏమాత్రం పట్టించుకోకుండా పరుగున వెళ్ళి జీపులో కూర్చున్నాడు.

అయోనీ తలుపు మీద చెయ్యి పెట్టింది. పెట్టి ఆగింది. లోపల ఏదో చప్పుడు.

సర్... సర్... సర్.

ఎవరో కొబ్బరి చీపురుతో చెక్కనేల ఊడుస్తున్నారు. తాళం వేసిన ఇంట్లో. సర్... సర్... ఒక పట్టు ఊడ్చి, కాలు ఈడ్చి, మళ్ళీ ఊడుస్తున్నారు. వెళ్ళిపోదాం పద అని అయోనీ చెయ్యి పట్టుకున్నాను.

ఆవిడ నవ్వింది. భయపడుతూనే నవ్వింది.

"వింటున్నారా మేడం? పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చీపురు పట్టడం ఇదే మొదలు."

నా చెయ్యి విడిపించుకుని టోపీ సరిచేసుకుంది. తలుపు తోసి, మొదటిసారి ఆ ఇంటి ముందు గుమ్మంలోంచి, తల ఎత్తుకుని లోపలికి నడిచింది. నేనూ రానా అన్నాను. వద్దంది. ఇది నా ఇంటి వ్యవహారం, మీరు చెయ్యాల్సింది చేశారు, అంది. ఆ 'నా ఇంటి' అన్న మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. తలుపు మూసుకుంది. చీపురు చప్పుడు ఆగింది.

మెట్లు దిగి, తోటదారి వెంట గేటు దాకా వచ్చాను. డెనూన్ జీపు దీపాలు వేసి పెట్టాడు. గేటు మీద చెయ్యి వేస్తుండగా వెనక మాటలు వినిపించాయి. అయోనీ గొంతు, దర్జాగా.

"ఆ మూల వదిలేశావు. కుర్చీ జరిపి ఊడువు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

నాకు నవ్వు ఆగలేదు. అన్నేళ్ళూ పడ్డదంతా ఒక్క సాయంత్రంలో తీర్చుకుంటోంది, తీర్చుకోనీ అనుకున్నాను. చీపురు మళ్ళీ మొదలైంది. సర్... సర్. అప్పుడు జవాబు వచ్చింది. మెత్తగా, వంగి ఊడుస్తున్న మనిషి ఆయాసంతో.

"అలాగేనమ్మా."

ఆ గొంతు మిస్ యూఫీది కాదు. మధ్యాహ్నమంతా నా గదిలో, బెంచీ మీదనుంచి మేడం మేడం అన్న గొంతు.

డెనూన్ హారన్ కొడుతున్నాడు. కొట్టనీ. ముద్ర వేసింది నేను. ఆ ఇంట్లో ఇప్పుడు నిలబడింది ఎవరో, వంగింది ఎవరో చూడకుండా పోను. గేటు మూసి మళ్ళీ మెట్లవైపు నడిచాను. లోపల మళ్ళీ అదే ఆజ్ఞ, మళ్ళీ అదే జవాబు.

రెండు గొంతులూ అయోనీవే.